పెనాల్టీల లెక్క సమానమైతే న్యాయం జరిగినట్టేనా?

2021 మార్చి 23. నాష్‌విల్ ప్రిడేటర్స్, డెట్రాయిట్ రెడ్‌వింగ్స్ మధ్య ఐస్ హాకీ మ్యాచ్. రెండో పీరియడ్ మొదట్లో నాష్‌విల్ ఆటగాడు విక్టర్ ఆర్విడ్‌సన్‌కి ట్రిప్పింగ్ కింద 2 నిమిషాల పెనాల్టీ పడింది. కాసేపటికి టీవీలో రెఫరీ గొంతు వినిపించింది. మైక్ ఆన్‌లో ఉండిపోయిందన్న సంగతి పాపం ఆయన చూసుకోలేదు. ఆయన అన్నదాని సారాంశం ఇది: అక్కడ పెద్దగా తప్పేం లేదు, కానీ నాష్‌విల్ మీద త్వరగా ఒక పెనాల్టీ వేసేయాలనుకున్నా. మధ్యలో ఓ బూతు కూడా ఉంది, అది వదిలేద్దాం.

మర్నాడే నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, ప్రకటన ఇచ్చేసింది. రెఫరీ టిమ్ పీల్ ఇక తమ మ్యాచ్‌లకి రాడని. 1,300కి పైగా మ్యాచ్‌లు నడిపిన మనిషి, ఇంకో నెలలో రిటైర్ కావాల్సినవాడు. ఒక్కణ్ని పంపించేశారు, గొడవ సద్దుమణిగింది.

కానీ పీల్ చెప్పింది అతనొక్కడి అలవాటేనా? దీనికి ఏడు సీజన్ల డేటాలో జవాబు ఉంది. అది ఈ మైక్ గొడవకి ఏడేళ్ల ముందే అచ్చయింది కూడా.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. మీలో చాలామంది ఐస్ హాకీ చూసి ఉండరు. డాలస్‌లోనో శాన్ హోజేలోనో ఉన్న మీ అన్నయ్యో అక్కో స్టేడియం ఫొటో పెడితే లైక్ కొట్టి ఉంటారు, అంతే. జట్టుకి ఆరుగురు, అందులో ఒకరు గోలీ. మంచు మీద ఇద్దరు రెఫరీలు, ఇద్దరు లైన్స్‌మెన్. స్టిక్‌తో కాలు లాగినా, పట్టి ఆపినా, తోసినా రెఫరీ చెయ్యెత్తుతాడు. తప్పు చేసినవాడు 2 నిమిషాలు బయట కూర్చోవాలి. ఆ 2 నిమిషాలూ అవతలి జట్టుకి ఒక మనిషి ఎక్కువ. దాన్నే పవర్‌ప్లే అంటారు (మన క్రికెట్ పవర్‌ప్లేతో సంబంధం లేదు). గోల్స్ తక్కువ పడే ఆటలో ఒక్క పవర్‌ప్లే మ్యాచ్‌ని తిప్పేయగలదు. అందుకే ఒక్కో విజిల్‌కి అంత విలువ.

ఇప్పుడు డేటా. జేసన్ అబ్రెవాయా, రాబర్ట్ మెక్‌కల్లక్ అనే ఇద్దరు పరిశోధకులు 1995-96 నుంచి 2001-02 వరకు ఎన్‌హెచ్‌ఎల్‌లో పడిన పెనాల్టీలన్నీ ముందేసుకుని, 2014లో ఓ పేపర్ ప్రచురించారు. అందులో ప్రధానంగా తేలింది ఏంటంటే, ఇప్పటిదాకా పెనాల్టీలు ఒక జట్టు మీదే పడుతుంటే తర్వాతది అవతలి జట్టు మీద పడే అవకాశం ఎక్కువ. వీళ్లకొకటి వేశాం కదా, వాళ్లకీ ఒకటి వేద్దాం అన్న తీరు. స్కోరు, మ్యాచ్‌లో మిగిలిన సమయం, సొంతగడ్డ ఎవరిది, ఒక రెఫరీయా ఇద్దరా అన్నవి కూడా తర్వాతి పెనాల్టీ ఎవరిదో అన్నదాన్ని మార్చేస్తున్నాయి. ఈ సమం చేసే అలవాటు అందరు రెఫరీల్లో ఒకేలా కూడా లేదు. ఒకరిలో ఎక్కువ, ఒకరిలో తక్కువ.

ఈ పేపర్ చదివాక పీల్ మాటలు మళ్లీ గుర్తు తెచ్చుకోండి. ఆయన కొత్తగా ఏం చేశాడు? అందరికీ వినపడేలా చెప్పాడు.

రెఫరీల మీద జాలి లేక అంటున్న మాట కాదిది. పది మంది ఆటగాళ్లు బ్లేడ్ల మీద దూసుకుపోతుంటారు, ఆట ఆగకుండానే మనుషులు మారిపోతుంటారు, స్టిక్‌లు ప్రతి క్షణం ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి. రూల్‌బుక్‌ని అక్షరాలా అమలు చేస్తే విజిల్ మోగని నిమిషం ఉండదు. కాబట్టి ఏది పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి అని రెఫరీ గీత గీసుకోక తప్పదు. గీత ఉండటంలో తప్పు లేదు. ఆ గీత మొదటి పీరియడ్‌లో ఒకచోట, మూడో పీరియడ్‌లో ఇంకోచోట, నాకౌట్ మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో మరోచోట ఉండటమే సమస్య. ఆటగాడు తన పద్ధతిని దేనికి తగ్గట్టు మార్చుకోవాలి?

ప్లేఆఫ్స్‌లో ఇది ఇంకా ముదురుతుందని అభిమానులు ఏళ్ల తరబడి తిట్టుకుంటున్నారు. ఓవర్‌టైమ్‌లో మొదటి గోల్ పడగానే మ్యాచ్ అయిపోతుంది. అప్పుడు పెనాల్టీ వేస్తే "రెఫరీయే మ్యాచ్ తేల్చేశాడు" అంటారు. వేయకపోతే ఎక్కువమంది పట్టించుకోరు. కానీ ఆలోచించండి, కాలు లాగినవాణ్ని వదిలేయడం కూడా ఒక నిర్ణయమే కదా! దాని లాభం లాగినవాడికి వెళ్లింది. టోబియస్ మాస్కోవిట్జ్, జాన్ వెర్తీమ్ రాసిన 'స్కోర్‌కాస్టింగ్' పుస్తకం మొదలయ్యేదే ఈ విషయంతో: కీలక సమయంలో చర్య తీసుకోకపోవడం మనకి తటస్థంగా కనిపిస్తుంది, నిజానికి కాదు.

దీనికి భలే పక్కా రుజువు అదే ఆటలో ఉంది. 2005-06 నుంచి ఒక రూల్ తెచ్చారు. తన డిఫెన్స్ జోన్ నుంచి పక్‌ని ఎక్కడా తగలకుండా నేరుగా అద్దాల మీదుగా ప్రేక్షకుల్లోకి కొడితే 2 నిమిషాల పెనాల్టీ. కావాలని కొట్టాడా, పొరపాటున వెళ్లిందా అన్న ప్రశ్నే లేదు. ఈ పెనాల్టీ ఓవర్‌టైమ్‌లో కూడా వేస్తారు, ఎవరూ రెఫరీని తప్పుబట్టరు. ఎదుటివాడి చేతులకి స్టిక్ తగిలించి లాగితే వదిలేసే ఓవర్‌టైమ్‌లోనే, పొరపాటున పక్ బయటికి కొట్టినవాడు లోపలికి వెళ్లి కూర్చుంటాడు. రెండింట్లో ఏది పెద్ద తప్పు? మీరే చెప్పండి. రెఫరీ విచక్షణ అక్కర్లేని చోట అమలు గట్టిగా ఉంది, విచక్షణ అవసరమైన చోట గడియారాన్ని బట్టి మారుతోంది.

విచక్షణకీ రూల్ అమలుకీ ఉన్న ఈ దూరం లీగ్‌కి తెలియదని కాదు. 2005-06లోనే హుకింగ్, హోల్డింగ్ మీద కఠినంగా ఉంటామని ప్రకటించారు. ఆ సీజన్లో ఒక్కో జట్టుకి మ్యాచ్‌కి సగటున 6కి దగ్గరగా పవర్‌ప్లేలు వచ్చాయి. తర్వాత ఆ సంఖ్య ఏటేటా జారుతూ 3 దగ్గరికి వచ్చింది. ఆటగాళ్లు క్రమశిక్షణ నేర్చుకున్నారా, రెఫరీలు మెత్తబడ్డారా? రెండూ కొంత కొంత కావచ్చు. అంకె ఒక్కటి చూసి తేల్చలేం.

వీడియో రీప్లే అన్నీ సరిచేస్తుందా?

టెక్ మీద నమ్మకం ఉన్నవాళ్లం కాబట్టి మనకి వెంటనే తోచే పరిష్కారం వీడియో. 2019 ఏప్రిల్ 23న శాన్ హోజే షార్క్స్, వేగస్ గోల్డెన్ నైట్స్ సిరీస్ ఏడో మ్యాచ్ చూద్దాం. వేగస్ 3-0తో ముందుంది. మూడో పీరియడ్‌లో ఫేస్ఆఫ్ దగ్గర వేగస్ ఆటగాడు కోడీ ఈకిన్ షార్క్స్ కెప్టెన్ జో పవెల్స్కీని స్టిక్‌తో తోశాడు. పవెల్స్కీ తూలి, పక్కన ఇంకొకరికి తగిలి పడ్డాడు. తల మంచుకి కొట్టుకుని రక్తం కారింది. రెఫరీలు 5 నిమిషాల మేజర్ పెనాల్టీ వేశారు. మామూలు 2 నిమిషాల పెనాల్టీ అయితే గోల్ పడగానే ముగుస్తుంది. మేజర్ అలా కాదు, ఎన్ని గోల్స్ పడినా 5 నిమిషాలూ నడుస్తుంది. షార్క్స్ ఆ ఒక్క పెనాల్టీలో 4 గోల్స్ కొట్టేశారు! వేగస్ చివరి నిమిషంలో సమం చేసినా ఓవర్‌టైమ్‌లో 5-4తో ఓడి ఇంటిదారి పట్టింది. తర్వాత లీగ్ నుంచి ఫోన్ చేసి క్షమాపణ చెప్పారని వేగస్ యాజమాన్యమే బయటపెట్టింది. ఆ మ్యాచ్ రెఫరీలు ఇద్దరికీ తర్వాతి రౌండ్‌లో చోటు దక్కలేదు.

రక్తం చూసి శిక్ష పెంచారన్నది నా అభిప్రాయం. చేసిన పనికి కాకుండా జరిగిన గాయానికి శిక్ష పడింది.

మూడు వారాలకి, మే 15న, అదే షార్క్స్ సెయింట్ లూయిస్ బ్లూస్ మీద ఓవర్‌టైమ్ గోల్ కొట్టారు. గోల్‌కి ముందు టిమో మాయర్ పక్‌ని చేత్తో అందించాడు. రూల్ ప్రకారం అక్కడే ఆట ఆగాలి. ఎవరూ విజిల్ వేయలేదు. వీడియోలో అందరికీ కనిపిస్తోంది, కానీ ఆ తప్పుని రివ్యూ చేసే రూలే అప్పటికి లేదు. ఆ వేసవిలో రూల్స్ మార్చారు. ఫైటింగ్ తప్ప మిగతా మేజర్ పెనాల్టీలన్నీ రెఫరీలు వీడియోలో చూసుకోవాలి, అవసరమైతే మైనర్‌కి తగ్గించొచ్చు. గోల్‌కి ముందు ఆగాల్సిన ఆట ఆగకపోతే కోచ్ చాలెంజ్ చేయొచ్చు.

మంచి మార్పులే, కాదనను. కానీ ఒకటి గమనించండి. ఇవన్నీ అరుదుగా వచ్చే సందర్భాలు. పీల్ వేసిన 2 నిమిషాల ట్రిప్పింగ్‌ని ఈ రూల్స్ కిందా చాలెంజ్ చేయడానికి లేదు. మ్యాచ్‌ల్లో రోజూ పడేవి అవే. క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ రివ్యూలో 'అంపైర్స్ కాల్' అని మనం ఎంత చిరాకు పడినా, ఆ బూడిదరంగు ప్రాంతం హద్దు ఎక్కడుందో అందరికీ తెలుసు. బంతి వికెట్లకి ఎంత తగిలితే అవుట్ అన్నది రాసిపెట్టి ఉంది. హాకీలో హద్దు రెఫరీ తలలో ఉంటుంది.

సెన్సర్లు దీన్ని తీరుస్తాయా అంటే, కొంతవరకే. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇప్పుడు పక్‌లోనూ, ఆటగాళ్ల జెర్సీల్లోనూ ట్రాకింగ్ ఉంది. వేగం, దూరం అన్నీ తెలుస్తాయి. కానీ స్టిక్ ఎంత గట్టిగా లాగింది, దానివల్ల ఆటగాడు నిజంగా ఆగాడా, నటించాడా అన్నది ఆ సెన్సర్ చెప్పదు.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది పారదర్శకత మీద. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2015 నుంచి హోరాహోరీ మ్యాచ్‌ల చివరి 2 నిమిషాల్లో రెఫరీలు ఏది సరిగ్గా పిలిచారు, ఏది తప్పు పిలిచారు, ఏది వదిలేశారు అన్నది మర్నాడు ప్రచురిస్తోంది. వదిలేసినవి కూడా తప్పుల జాబితాలోకి ఎక్కడం ఇక్కడ ముఖ్యం. ఎన్‌హెచ్‌ఎల్ కూడా రెఫరీలకి మార్కులు వేస్తుంది, కానీ లోపలే ఉంచుకుంటుంది. రెఫరీలని బహిరంగంగా తిట్టిన కోచ్‌లకి మాత్రం జరిమానా వేస్తుంది.

డేటా ఉద్యోగాలకి ప్రిపేర్ అవుతున్నవాళ్లు దీన్ని ప్రాజెక్ట్‌గా చేసి చూడొచ్చు. ఎన్‌హెచ్‌ఎల్ వెబ్‌సైట్‌లో ప్రతి మ్యాచ్ ప్లే-బై-ప్లే ఉంటుంది. ఏ క్షణాన, ఏ జట్టుకి, ఏ రకం పెనాల్టీ, అప్పటి స్కోరు ఎంత, రెఫరీలు ఎవరు అన్నీ దొరుకుతాయి. 32 జట్లు, జట్టుకి 82 మ్యాచ్‌ల లెక్కన ఒక్క సీజన్‌కే 1,312 మ్యాచ్‌లు. టైటానిక్ డేటాసెట్ రెజ్యూమెలో పెట్టుకోవడం కన్నా ఇది మేలని నా సలహా.

ఒక చిక్కుంది, జాగ్రత్త. వరసగా మూడు పెనాల్టీలు పడిన జట్టుని కోచ్ అరిచి దారిలో పెట్టి ఉండొచ్చు. అందుకే నాలుగోది అవతలివాళ్లకి పడి ఉండొచ్చు. అంటే సమం అవుతోంది రెఫరీ వల్లా, ఆటగాళ్ల వల్లా అన్నది విడదీయాలి. ఇక్కడ పక్ బయటికి కొట్టే పెనాల్టీని పక్కన పెట్టుకుని చూడండి. అందులో రెఫరీ ఇష్టాయిష్టాలకి చోటు లేదు కాబట్టి అది మీ కంట్రోల్ గ్రూప్. హుకింగ్, ట్రిప్పింగ్‌లో మాత్రమే పెనాల్టీలు అటూ ఇటూ మారుతూ, ఇందులో మారకపోతే వేలు రెఫరీ వైపు చూపిస్తుంది. రెండింట్లోనూ మారితే ఆటగాళ్ల వైపు. అయితే సొంత జోన్‌లో ఒత్తిడిలో ఉన్న జట్టే పక్‌ని ఎక్కువగా బయటికి కొడుతుంది కాబట్టి, పక్ ఎవరి జోన్‌లో ఎక్కువసేపు ఉందో కూడా మోడల్‌లో పెట్టండి. ఇవి మ్యాచ్‌కి ఒకటి కూడా పడకపోవచ్చు, అందుకే మూడు నాలుగు సీజన్లు తీసుకోండి.