వాణిజ్య విద్యలో ఇచ్చిపుచ్చుకోవడం

గోపన్‌పల్లి నుంచి ఏ దిక్కుకు బయలుదేరినా ఒక విద్యాలయమో, ఒక వ్యాపార సౌధమో ఎదురవుతుంది. 1974లో నెలకొన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం మనకు పొరుగు. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయమూ, 2001లో తరగతులు ప్రారంభించిన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్సూ గచ్చిబౌలిలోనే ఉన్నాయి. నానక్‌రామ్‌గూడ నిండా బహుళజాతి సంస్థల కార్యాలయాలే. ఇన్ని దీపాల నడుమ నివసిస్తున్న మన వాణిజ్యశాస్త్ర విద్యార్థి చూపు మాత్రం సముద్రాల ఆవలి తీరం మీదనే నిలిచి ఉంది. దూరపు కొండలు నునుపు అని అతన్ని ఎగతాళి చేయడం న్యాయం కాదు. విద్యకు ఎల్లలు లేవు. అయితే ఆ ప్రయాణం ఏ పద్ధతిలో, ఏ ప్రయోజనం కోసం సాగాలన్నది విద్యార్థులూ, కళాశాల కమిటీ పెద్దలూ కలిసి కూర్చుని ఆలోచించవలసిన విషయం.

విదేశీ విద్యకు రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది పూర్తి పట్టా కోసం వెళ్లడం. దాని సంగతి మనకందరికీ తెలిసినదే. రెండవది విద్యార్థి వినిమయం. ఈ పద్ధతిలో విద్యార్థి ఒకటి రెండు సెమిస్టర్లు మాత్రమే విదేశంలో చదువుతాడు. సాధారణంగా బోధనా రుసుము స్వదేశంలోనే చెల్లిస్తాడు, పట్టా కూడా ఇక్కడే పుచ్చుకుంటాడు. ఐరోపాలో 1987లో ప్రారంభమైన ఎరాస్మస్ పథకం దీనికి చక్కని ఉదాహరణ. అక్కడి లెక్కలో ఒక సెమిస్టరుకు 30 క్రెడిట్లు. విద్యార్థి ఏ పాఠ్యాంశాలు చదవాలి, సొంత విద్యాలయం వాటిని ఏ విధంగా లెక్కలోకి తీసుకోవాలి అన్న విషయం ప్రయాణానికి ముందే కాగితం మీదికి ఎక్కుతుంది. ఆ కాగితం మీద విద్యార్థి, పంపే విద్యాలయం, చేర్చుకునే విద్యాలయం ముగ్గురూ సంతకాలు చేస్తారు. నా దృష్టిలో ఈ పథకానికంతటికీ ప్రాణం ఆ కాగితమే.

వ్యాపార విద్య కోసం పరదేశంలో చదవడం కొత్త సంగతి కాదు. ఇటలీలోని పీసా నగరానికి చెందిన ఫిబొనాచీ తండ్రి ఉత్తర ఆఫ్రికాలోని బూజియా రేవులో సుంకాల ఉద్యోగి. వర్తకానికి పనికివస్తుందని కుమారుణ్ణి అక్కడికి పిలిపించి లెక్కలు నేర్పించాడు. అరబ్బుల ద్వారా ఆ రేవుకు చేరిన భారతదేశపు అంకెలను ఆ బాలుడు అభ్యసించి, స్వదేశానికి తిరిగివెళ్లి, 1202లో ఒక గణిత గ్రంథం రచించాడు. లాభాల పంపకం, నాణేల మారకం, సరకుల మార్పిడి వంటి వర్తకుల సమస్యలకు అందులో పెద్ద పీట వేశాడు. అతడు ఆ రేవులోనే స్థిరపడి ఉంటే అతని కుటుంబం బాగుపడేదేమో! తిరిగి వచ్చాడు గనుక ఒక ఖండం బాగుపడింది. వెళ్లడమే కాదు, తెచ్చి ఇవ్వడం కూడా వినిమయంలో భాగమే.

ఇచ్చిపుచ్చుకోవడం మన భాషకు కూడా కొత్త కాదు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, కిస్తీ, జామీను - తెలుగు వర్తకుడు నిత్యం వాడే ఈ మాటలన్నీ అరబ్బీ, పారశీక మూలాల నుంచి వచ్చినవే. ఉర్దూ, తెలుగు ఒకే వరండాలో వినిపించే మన కళాశాలకు వినిమయం అంటే ఏమిటో మరొకరు నేర్పనక్కరలేదు.

అయితే ఆచరణలో ఏమి జరుగుతున్నది? కొన్నేళ్ల కిందట నా వద్ద చదివిన ఒక విద్యార్థి ఉదంతం చెబుతాను. తండ్రికి చిన్న కిరాణా దుకాణం. తల్లి నగలు కుదువబెట్టి ఆ యువకుడు ఒక సెమిస్టరు చదువుకు ఐరోపా వెళ్లాడు. అయిదు పాఠ్యాంశాలలోనూ ఉత్తీర్ణుడై సంతోషంగా తిరిగి వచ్చాడు. తీరా ఇక్కడ ఆ పాఠ్యాంశాల పేర్లు మన సిలబస్‌తో సరిపోవడం లేదన్నారు. ఆ పరీక్షలన్నీ మళ్లీ రాయవలసి వచ్చింది. ఒక సంవత్సరం వృథా అయింది. అతని దరఖాస్తు మీద సిఫారసు సంతకం చేసినవాణ్ణి నేనే. ‘ఈ క్రెడిట్లు ఇక్కడ చెల్లుతాయా?’ అన్న ఒక్క ప్రశ్న ఆనాడు నాకు తోచలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ సంతకమే.

నియమాల విషయానికి వస్తే, విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2022లో విదేశీ విద్యాసంస్థలతో కలిసి నడిపే కోర్సులకు నిబంధనలు ప్రకటించింది. వాటిలో ట్విన్నింగ్ పద్ధతి ప్రకారం విదేశంలో సంపాదించే క్రెడిట్లు మొత్తంలో 30 శాతానికి మించరాదు. పట్టా ఇచ్చేది భారతీయ విద్యాసంస్థయే. న్యాక్ మూల్యాంకనంలో కనీసం 3.01 పొందిన సంస్థలు అర్హమైనవాటిలో ఉన్నాయి. కనుక న్యాక్ అంకె గోడ మీద వేలాడదీసే అలంకారం కాదు. విద్యార్థికి తెరుచుకునే తలుపు అది.

ఇక ధనం సంగతి. బోధనా రుసుము లేకపోయినా వసతి, భోజనం, బీమా, విమానం టిక్కెట్టు ఎవరి ఖర్చు వారిదే. ఉదాహరణకు జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి విద్యార్థి వీసాకు సాధారణంగా నెలకు 992 యూరోలు చూపవలసిందిగా నిర్ణయించింది. అయిదు నెలలకు 4,960 యూరోలు, అంటే నాలుగు లక్షల రూపాయలకు పైమాటే. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల కోసం ప్రారంభించిన విదేశీ విద్యా పథకం పోస్టుగ్రాడ్యుయేట్, పరిశోధక విద్యలకు ఉద్దేశించినది. బి.కాం. విద్యార్థి ఒక సెమిస్టరుకు వెళ్లాలంటే అది అక్కరకు రాదు. ఫలితంగా ఉన్నవారి బిడ్డలు వెళుతున్నారు. ప్రతిభ ఉండీ లేనివారు అప్పుల పాలవుతున్నారు.

కావున కమిటీ పెద్దలకు మూడు మనవులు చేస్తున్నాను. మొదటిది: మన కళాశాల అనుబంధంగా ఉన్న విశ్వవిద్యాలయం నుంచి క్రెడిట్ల సమానత్వం గురించి లిఖితపూర్వకమైన హామీ రానిదే ఏ విద్యార్థినీ విమానం ఎక్కించరాదు. రెండవది: పూర్వ విద్యార్థుల సాయంతో ఒక చిన్న నిధిని నెలకొల్పి, ఏడాదికి ఒక్కరినైనా అప్పు లేకుండా పంపాలి. 1895లో నిజాం ప్రభుత్వపు విద్యార్థి వేతనంతోనే సరోజినీ నాయుడు ఇంగ్లండు వెళ్లి లండన్ కింగ్స్ కళాశాలలోనూ, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోనూ చదివారన్న సంగతి ఈ నగరం మరువరాదు. మూడవది: హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి విదేశీ విద్యార్థులు సెమిస్టరు చదువుకు వస్తూనే ఉన్నారు. వారిని మన కళాశాలకు ఆహ్వానిద్దాం. బేగంబజారు టోకు వర్తకుడు పరపతిని ఎలా లెక్కిస్తాడో, 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు లక్క గాజుల వెనుక ఎన్ని చేతుల కష్టం ఉందో మన విద్యార్థులే వారికి వివరించాలి. ఇవ్వడానికి మన వద్ద ఏమీ లేదన్న భావం ఆ రోజుతో తొలగిపోతుంది.

విద్యార్థి మిత్రులారా! పరదేశపు తరగతి గదిలో మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న మీ దేశపు బజారు గురించే ఉంటుంది. పాఠ్యగ్రంథంలోని అమెరికా ఉదాహరణను మీరు మళ్లీ అప్పజెబితే వారికి ఒరిగేదేమీ లేదు. మీ నాన్నగారి దుకాణంలో అరువు ఖాతా ఎలా నడుస్తుందో చెప్పండి, వారు కలాలు తీస్తారు. తిరిగి వచ్చాక మీరు నేర్చినది ఈ సంచికలోనే ఒక వ్యాసంగా రాయండి, తరువాత వెళ్లేవారికి దారి తెలుస్తుంది. ఖాతా పుస్తకానికి రెండు వైపులు ఉన్నట్లే విద్యకూ రెండు వైపులు ఉన్నాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ గెలిచినవారు మళ్లీ ఇంటికి రావాలని నేను కోరుకుంటున్నాను.