రాణుల పేరిటి చిన్న యోడలు

గండిపేట చెరువునకును హిమాయత్ సాగరమునకును నడుమ, హైదరాబాదునుండి చేవెళ్లకు పోవు బాటమీద అజీజ్‌నగరమను గ్రామము గలదు. 1908 నాటి మూసీ వరదకు వెరచి నగరమును కాపాడుటకై కట్టబడిన ఆ రెండు జలాశయములే అచ్చటివారు నిత్యము చూచు పెద్దనీరు. సముద్రము వారికి దాదాపు మూడువందల కిలోమీటర్ల దూరమున నున్నది. అట్టి గ్రామపు పఠనమందిరమున కూర్చుండి మా పత్రిక చదువు సోదరుడు, తీరము కాచు గస్తీ యోడనుగూర్చి మేము వ్రాయబూనుట చూచి, మనకేల యీ సముద్రపు గోల యని పుట త్రిప్పివేయవచ్చును. త్రిప్పవలదని మా మనవి. ఆ యోడ ముందుభాగమున నిలిచిన ఫిరంగి తయారగు చోటు ఆయన యింటికి ఒక పూట ప్రయాణము కూడ లేదు.

1984 జులై నెలలో ఇందిరాగాంధి శంకుస్థాపన చేసిన ఎద్దుమైలారపు ఆయుధ కర్మాగారమును దేశమంతయు మెదకు ఫ్యాక్టరీ యనియే పిలుచును. ఆ యూరు నేడు సంగారెడ్డి జిల్లాలో చేరినను పాత పేరు పోలేదు. రష్యా నమూనాననుసరించి సైన్యమునకు సారథ్ అను కవచ శకటములను చేయుటకు ఆ కర్మాగారము పుట్టినది. ఆ శకటముమీది 30 మిల్లీమీటర్ల ఫిరంగినే సముద్రమున కనువుగ మార్చి సి.ఆర్.ఎన్. 91 అని పేరిడినారు. నేలమీది బండికై పుట్టిన యాయుధమును నీటిమీదికి దింపుట విన్నంత సులువు కాదు. బండి నిలిచినచోట నేల కదలదు. ఓడ నిలిచినను అల నిలువదు. ఉప్పుగాలి యినుమును తినివేయును. గురి చూచువాడును, గురియైనదియు, ఫిరంగియు మూడును ఒక్కమారే ఊగుచుండగా గుండు తగులవలెను. అందుకై కుదుపును సర్దుకొను పీఠమును, పగటను రేయియందును దూరమును చూడగల కంటి యంత్రమును దీనికి జతపరచినారు. పూర్వపు 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ ఫిరంగివద్ద నావికులు గుంపుగ నిలిచి, గుండ్లను చేతితో అందించుచు, కంటిగురితో కాల్చుచుండిరి. ఇప్పుడు ఒక్కడు లోపల కూర్చుండి తెరమీద చూచుచు కాల్చగలడు. ఆధునికత యనగా ఇచ్చట నిదియే.

ఇది నిమిషమునకు 550 గుండ్ల వేగమున కాల్చును. నాలుగు కిలోమీటర్లవరకు పని చేయును. దీనికి రెండు త్రోవల గుండ్లందును. ఒక త్రోవ ప్రేలెడు గుండ్లకు, రెండవది లోహమును తూట్లుపొడుచు గుండ్లకు. ఎదుటివాడెవడో చూచి, క్షణములో ఒకదానినుండి మరొకదానికి మరలవచ్చును. పెద్ద యుద్ధనౌకల క్షిపణులముందు ఇది ఆటవస్తువని నవ్వువారు గలరు. వారొక సంగతి మరచుచున్నారు. గస్తీ యోడ కెదురుపడునది శత్రు నౌకాదళము కాదు. దొంగసరకు పడవ, పరదేశపు వేట ఓడ, దీపములార్పుకొని పోవు పడవ. వీనిని క్షిపణితో కొట్టుదురా? ముందు పిలుతురు, వినకున్న ముక్కుకెదురుగ నీటిలో నాలుగు గుండ్లు వేయుదురు, అప్పటికిని ఆగనిచో తరువాతి మాట. కొలిచి కొట్టగల చిన్న ఫిరంగికే యీ పని చెల్లును.

ఇక నోడ సంగతి. కోస్టుగార్డు అను తీరరక్షక దళమునకై విశాఖపట్టణమున హిందూస్థాన్ షిప్‌యార్డు ఐదు గస్తీ యోడలను నిర్మించెను. ఒక్కొక్కటి 51 మీటర్ల పొడవు. బరువు మూడువందల టన్నులకు లోపు. పరుగు గంటకు 34 నాట్లు, అనగా అరువది కిలోమీటర్లకు పైమాట. నీటిని వెనుకకు చిమ్ముచు ముందునకు దూకునవి గనుక లోతులేని తీరములయందును తిరుగగలవు. వీని ముందుభాగముననే మన మెదకు ఫిరంగి నిలిచినది. ఈ యోడల పేరులు మన పత్రికలలో అరుదుగా కనబడును. విక్రాంతము జలప్రవేశము చేసిననాడు పుటలు నిండినవి. ఆ పుటలలో మావియు గలవని యొప్పుకొందుము. ఈ యైదింటికి మూలనొక చిన్న వార్తయే దక్కినది.

ఆ షిప్‌యార్డు చరిత్ర యెరిగినవారికి ఇది మరింత కష్టముగ తోచును. తెల్లదొరతనము వద్దనుచున్నను స్వదేశీ నౌకానిర్మాణమునకై పట్టుపట్టిన వాల్చంద్ హీరాచందుగారి సింధియా కంపెనీ 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాదుగారిచేత అచ్చట శంకుస్థాపన చేయించెను. ఏడాది తిరుగకమునుపే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానములు విశాఖపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి; జనులు మూటలతో లోపలి యూళ్లకు పరుగెత్తిరి. కావలిలేని తీరమన నేమియో ఆనాడు తెలిసినది. 1948 మార్చిలో జవహర్లాలుగారు జల ఉషను నీట దింపిరి. అట్టి తావున 2006లో ఒడంబడిక పడిన ఐదు చిన్న యోడలలో మొదటిది, రాణి అబ్బక్క, 2012 జనవరిలోగాని సేవలో చేరలేదు. కడపటిది, రాణి రాస్మణి, 2016 జూన్‌లో చేరెను. ఐదు చిన్న యోడలకు పదేండ్లు! 2010లో ఇరువది గస్తీ యోడలకు ఒప్పుకొన్న కొచ్చివారు ఆ యిరువదింటిని 2016లోనే ముగించిరి. విశాఖ యార్డు ఆనాడు నష్టములలో మునిగి, 2010లో ఓడల శాఖనుండి రక్షణ శాఖకు మారినదను మాట నిజమే. కారణము చెప్పినంతమాత్రమున కాలము తిరిగి రాదు. తరువాతి గస్తీ యోడల పని గోవాకు పోయినది. 2025లో సేవలో చేరిన అదమ్య ఆ గోవా యోడయే. అదియు మెదకు ఫిరంగినే ధరించినది. ఫిరంగి మనది నిలిచినది, ఓడ మనచేయి దాటినది.

విశాఖ పనివారికి నేర్పు లేదనువారికి సరయు చాలును. అచ్చటనే కట్టబడి 1991లో మన నౌకాదళమున చేరిన ఆ నూరు మీటర్ల గస్తీ నౌకను 2000లో శ్రీలంకకిచ్చిరి. అది సయుర యను పేరుతో, 2007లో ఎల్.టి.టి.ఇ. వారి ఆయుధముల యోడలను నడిసంద్రమున వెదకి ముంచిన దళములో నుండెను. లోపము చేతులలో లేదు. వేళకు ఉక్కు, వేళకు యంత్రము, వేళకు రూక అందించుటలో నున్నది.

తీరమున కేమి ముప్పని యడుగువారికి 2008 నవంబరును జ్ఞాపకము చేయుదుము. కుబేర్ అను గుజరాతీ వేట పడవను పట్టుకొని, అందలి జాలరులను చంపి, ముంబాయి చేరినవారు పదిమంది. ఆ పిమ్మటనే తీరజలముల కాపుదల భారము కోస్టుగార్డుపై మరింతగ పడినది. వేట పడవయే దొంగకు ముసుగు. వేటగాడే మొదటి బలి. మన యుత్తరాంధ్ర జాలరులు పొట్టచేతబట్టుకొని గుజరాతు తీరమునకు వలసపోవుదురు. 2018లో పాకిస్తానువారికి చిక్కిన అట్టివారిలో ఇరువదిమంది 2020 జనవరిలోగాని యిల్లు చేరలేదు. నీటిమీద గట్టులేదు, సరిహద్దు రాయి లేదు. వలవెంట పోవువానిని హద్దుకు ముందే ఆపి వెనుకకు మరలించువాడుండవలెను. తుపానువేళ పిలిచి తెచ్చువాడును వాడే. ఆ పని విక్రాంతము చేయదు. యీ చిన్న యోడ చేయవలెను.

పేరులనుగూర్చి యొక మాట. పోర్చుగీసువారిని ఎదిరించిన ఉళ్లాలు అబ్బక్క, రామగఢము అవంతిబాయి, గోండ్వానా దుర్గావతి, నాగాకొండల గైడిన్ల్యూ, కలకత్తా రాస్మణి — ఐదును తగిన పేరులే. జాలరులపై కంపెనీవారు పన్ను వేయగా రాస్మణి గంగకడ్డముగ గొలుసులు కట్టించెనని చెప్పుదురు. గస్తీ యోడకు ఇంతకంటె ఒప్పైన పేరేది? అయినను తెలుగు తీరమున, తెలుగు చేతులతో కట్టి, తెలుగునేల ఫిరంగి పెట్టిన యీ యైదింటిలో రుద్రమదేవి లేదు. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున ఓడవర్తకులకు అభయశాసన మిచ్చినవాడు. ఆ రాజ్యము నొక రాణి యేలెనని మార్కోపోలో వ్రాసిపెట్టినాడు. వెలివాడు వ్రాసెను, మనవారు మరచిరి.

పేరులు తరువాత చూచుకొనవచ్చును. ముందున్నది వేరు. ఈ యోడల ఇంజనులు జర్మనీవి. అవి చెడిననాడు విడిభాగమునకై ఎవరి ముంగిట నిలుతుము? 2027 జనవరికి రాణి అబ్బక్కకు పదునైదేండ్లు నిండును. తక్కినవి వెనువెంటనే వచ్చును. అప్పుడు యంత్రములు విప్పవలెను, గురిచూచు సాధనములు మార్చవలెను, ఫిరంగిని తిరిగి పదునుపెట్టవలెను. ఆయుధ కర్మాగారములను 2021లో ఏడు కంపెనీలుగ చీల్చినారు. మెదకు కర్మాగారము ఆవడి కంపెనీ క్రిందికి పోయినది. షిప్‌యార్డునకు 2023లో ఐదు పెద్ద సహాయక నౌకల పని వచ్చినది, సంతోషము. ఆ పెద్ద పనుల సందడిలో చిన్న యోడలు రేవున త్రుప్పుపట్టుచు వంతుకై కాచుకొనియుండరాదు. విశాఖలో వీనికొక ప్రత్యేక రేవును, మెదకునుండి ఫిరంగులు చూచువారిని, ముందుగ తెప్పించి నిలువయుంచిన విడిభాగములను నేడే యేర్పరుపవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము. మన ప్రతినిధులు పార్లమెంటున దీనినడుగవలెను. తీరపు నియోజకవర్గములవారే కాదు, చేవెళ్లవారును.