మాఫీ మాట నమ్మి సంతకం పెట్టొద్దు

రుణమాఫీ అన్న మాట మన ఇళ్లకు కొత్త కాదు. 2008లో కేంద్రం, 2014 తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలు, 2024లో మళ్లీ తెలంగాణ రైతుల పంట రుణాలు మాఫీ చేశాయి. బ్యాంకు గోడకు అంటించిన జాబితాలో తన పేరు కోసం వెతుక్కున్న నాన్ననో, తాతయ్యనో మీలో చాలామంది చూసే ఉంటారు. అందుకే కాలేజీ ఫీజు కోసం బ్యాంకు మేనేజరు ముందు కూర్చున్నప్పుడు మనసులో ఎక్కడో ఒక మూల ఓ ఆశ మెదులుతుంది. ‘ముందు సీటు పోకుండా చూసుకుందాం. లోన్ సంగతి తర్వాత. ఎప్పుడో ఒకప్పుడు ఇదీ మాఫీ చేయకపోతారా!’

దీనికి తోడు అమెరికా కబుర్లు. అక్కడ స్టూడెంట్ లోన్లు రద్దు చేశారట, మన దగ్గర ఎందుకు చేయరు అని హాస్టల్ గదుల్లో చర్చ. ప్రశ్నలో తప్పు లేదు. కాకపోతే అక్కడ నిజంగా ఏం జరిగిందో పూర్తిగా తెలుసుకున్నాకే మన సంగతి మాట్లాడుకోవాలి.

ప్రకటన ఒకటి, జరిగింది ఒకటి

అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన విద్యారుణాల బకాయి సుమారు 1.6 లక్షల కోట్ల డాలర్లు. అప్పు ఉన్నవాళ్లు దాదాపు 4.3 కోట్ల మంది. 2022 ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు జో బైడెన్ పెద్ద ప్రకటనే చేశారు. ఏడాదికి 1.25 లక్షల డాలర్లలోపు ఆదాయం ఉన్నవాళ్లకు 10 వేల డాలర్ల వరకు, పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటు పొందినవాళ్లకు 20 వేల డాలర్ల వరకు మాఫీ అన్నారు. దరఖాస్తులు కోట్లలో వచ్చాయి. మీ దరఖాస్తు ఆమోదించామని చాలామందికి సమాచారం కూడా వెళ్లింది.

2023 జూన్ 30న సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో ఆ పథకాన్ని కొట్టేసింది. అంత పెద్ద మాఫీకి పార్లమెంటు స్పష్టమైన అనుమతి లేదని చెప్పింది. ఆమోదం అందుకున్నవాళ్ల అప్పు ఆ పథకం కింద ఒక్క డాలరు కూడా తగ్గలేదు. కరోనా వల్ల 2020 మార్చిలో ఆగిన వాయిదాలు 2023 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి. ఆదాయాన్ని బట్టి వాయిదా తగ్గించే ‘సేవ్’ అనే మరో పథకం తెచ్చారు. దాన్నీ 2024లో కోర్టులు ఆపేశాయి.

అయితే అమెరికాలో ఎవరికీ మాఫీ కాలేదా? అయింది. బైడెన్ పదవీకాలంలో 50 లక్షల మందికి పైగా, 18 వేల కోట్ల డాలర్లకు పైగా ఊరట దొరికింది. కానీ అది ఆ పెద్ద ప్రకటన వల్ల రాలేదు. అంతకుముందే చట్టంలో ఉన్న నిబంధనల వల్ల వచ్చింది. ఉదాహరణకు 2007లో తెచ్చిన ఒక పథకం ఉంది. ప్రభుత్వ, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు కడితే మిగతా అప్పు రద్దవుతుంది. అదీ అంత తేలిగ్గా దక్కలేదు. మొదటి ఏళ్లలో వచ్చిన దరఖాస్తుల్లో దాదాపు 99 శాతం తిరస్కరించారు. తర్వాత నిబంధనలు సడలించి, కాగితాలు మళ్లీ పరిశీలించాకే గట్టెక్కారు.

అమెరికాలో ఎంఎస్ చేయాలనుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఈ మాఫీలన్నీ అక్కడి ఫెడరల్ రుణాలకే. ఎఫ్-1 వీసా మీద వెళ్లే మనవాళ్లకు ఆ రుణాలు అసలు రావు. 2023-24లో అక్కడ 3.31 లక్షల మంది భారతీయ విద్యార్థులున్నారు. వాళ్లలో అప్పు చేసి వెళ్లినవాళ్లు తీర్చాల్సింది ఇక్కడి బ్యాంకుకో, ప్రైవేటు సంస్థకో. మీ లోన్ రూపాయల్లో ఉంటుంది, ఫీజు డాలర్లలో ఉంటుంది. రూపాయి పడిపోయిన ప్రతిసారీ మీరు అడగాల్సిన అప్పు పెరుగుతుంది.

మన దగ్గర సంగతి

మన దేశంలోనూ ఈ హామీ వినిపించింది. తమిళనాడులో 2021 ఎన్నికల్లో డీఎంకే, 2024 లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ తమ మేనిఫెస్టోల్లో విద్యారుణాల మాఫీ గురించి చెప్పాయి. కేరళ ప్రభుత్వం 2017లో, అప్పు తీర్చలేకపోతున్న విద్యార్థుల భారంలో కొంత తాను భరించే పథకం తెచ్చింది. అంతే తప్ప దేశమంతటా విద్యారుణాలు మాఫీ చేసిన సందర్భం ఇప్పటివరకు లేదు. ఉన్నదల్లా వడ్డీలో రాయితీ. ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు, చదువుకునే కాలానికి వడ్డీని కేంద్రం భరించే పథకం 2009 నుంచి నడిచింది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, ఎంపిక చేసిన సంస్థల్లో సీటొస్తే తాకట్టు, హామీదారు లేకుండా లోన్ ఇస్తారు. 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు 10 లక్షల వరకు రుణంపై, మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. వీటిలో అసలు మాత్రం ఎవరూ కట్టరు. అది మీదే.

‘రైతులకు చేశారు, పెద్ద కంపెనీలకు రైటాఫ్ చేస్తారు, మాకెందుకు చేయరు?’ అన్న కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ రైటాఫ్ వేరు, మాఫీ వేరు. రైటాఫ్ చేసినా బాకీ వసూలు చేసే హక్కు బ్యాంకుకు ఉంటుంది. అదలా ఉంచి, న్యాయం వైపు నుంచే ఒక్కసారి ఆలోచించండి. మీ తరగతిలో బ్యాంకు లోన్ దొరికినవాళ్లు ఎంతమంది? అర ఎకరం అమ్మి ఫీజు కట్టినవాళ్లు, అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టినవాళ్లు, ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాళ్లు ఎంతమంది? రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. రేపు బ్యాంకు లోన్లు మాఫీ అయినా వీళ్లెవరికీ పైసా రాదు. అందరికంటే ఎక్కువ వడ్డీ కట్టేవాళ్లకే ఊరట అందదు. పైగా ఆ మరుసటి ఏడాది చేరే మీ తమ్ముడు మళ్లీ అదే ఫీజు కట్టాలి, మళ్లీ అప్పు చేయాలి. మాఫీ పాత అప్పును తుడుస్తుంది గానీ, కొత్త అప్పును ఆపదు.

అసలు జబ్బు ఫీజులో ఉంది

ఐఐటీల్లో బీటెక్ ట్యూషన్ ఫీజు 2016లో ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలకు పెరిగింది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, ఏడాదికి లక్షలోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు పూర్తి మినహాయింపు, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉన్నవారికి మూడింట రెండొంతుల మినహాయింపు ఇచ్చారు కాబట్టి పేదలకు అక్కడ దారి మిగిలింది. తెలంగాణలో 2022-25 బ్లాక్ కాలానికి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల ఫీజు కనిష్ఠంగా 45 వేలు. పేరున్న కాలేజీల్లో లక్షన్నర దాటింది. ఇది ట్యూషన్ ఫీజు మాత్రమే. హాస్టల్, బస్సు, పుస్తకాలు, ల్యాప్‌టాప్ లెక్క వేరే.

మన రాష్ట్రాల్లో దీనికి ఒక జవాబు ఉండేది. ఫీజు రీయింబర్స్‌మెంట్. ఒక రకంగా ఇది అప్పు పుట్టకముందే చేసే మాఫీ. ఇంట్లో మొదటి ఇంజినీరు కావడానికి దారి తీసిన పథకం ఇదేనని చెప్పేవాళ్లు మీ చుట్టుపక్కలే దొరుకుతారు. కానీ 10 వేల లోపు ర్యాంకు లేని బీసీ, ఈబీసీ విద్యార్థికి తెలంగాణలో ఇంజినీరింగ్‌కు వచ్చేది ఏడాదికి 35 వేలు. ఫీజు పెరిగింది, ఆ అంకె మాత్రం ఏళ్ల తరబడి కదల్లేదు. మధ్యలో ఉన్న తేడానే అప్పుగా మారుతోంది. రెండో చిక్కు బకాయిలు. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపుతుంది. క్యాంపస్‌లో సెలెక్ట్ అయిన విద్యార్థి, ఒరిజినల్స్ కోసం ఇంట్లోవాళ్లతో అప్పు చేయించి ఆ బాకీ కట్టి జాయినవుతాడు. ప్రభుత్వం చేయాల్సిన ఆలస్యానికి వడ్డీ కట్టేది ఎవరు? ఆ నాన్నే.

కాబట్టి విద్యార్థి సంఘాలు, తల్లిదండ్రులు గట్టిగా అడగాల్సింది మూడు. రీయింబర్స్‌మెంట్ అదే విద్యా సంవత్సరంలో చెల్లించాలి. ఫీజు పెరిగినప్పుడల్లా ఆ మొత్తం కూడా సవరించాలి. ఉద్యోగం, జీతం బట్టి వాయిదా ఉండేలా విద్యారుణ నిబంధనలు మార్చాలి. ఎప్పుడొస్తుందో తెలియని మాఫీ కంటే ఈ మూడూ ఎక్కువమందికి, ఎక్కువ కాలం పనికొస్తాయి.

సంతకానికి ముందు లెక్క

అవన్నీ జరిగేలోపు మీ లెక్క మీరు చూసుకోవాలి. కాగితం, పెన్ను తీసుకోండి. నాలుగేళ్ల కోర్సుకు ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున 10 లక్షల లోన్, వడ్డీ 10 శాతం అనుకుందాం. కోర్సు కాలం, ఆపై ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. దీన్నే మారటోరియం అంటారు. ‘కట్టక్కర్లేదు’ అంటే ‘వడ్డీ పడదు’ అని కాదు. ఈ ఐదేళ్లలో సాధారణ వడ్డీ లెక్కన మూడున్నర లక్షలు పేరుకుంటుంది. కట్టడం మొదలుపెట్టే రోజుకి మీ అప్పు 13.5 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 17,800. మొత్తం కట్టేది 21 లక్షల పైమాటే. ఈఎంఐ తగ్గుతుందని పదిహేనేళ్లు పెట్టుకుంటే నెలకు 14,500. మొత్తం 26 లక్షలు దాటుతుంది.

తొలి జీతం చేతికి 25 వేలు వస్తే, గది అద్దె, తిండి, ఇంటికి పంపేది పోను 17,800 ఎక్కడి నుంచి తెస్తారు? ఈ ప్రశ్న కౌన్సెలింగ్ రోజునే వేసుకోవాలి. కాలేజీ భవనం ఎంత బాగుందో కాదు, ఆ బ్రాంచిలో గత ఏడాది ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యలో ఉన్న విద్యార్థికి ఎంత జీతం వచ్చింది అని సీనియర్లను అడగండి. ఫ్లెక్సీ మీద కనిపించే అత్యధిక ప్యాకేజీ ఒక్కరిది. మీ ఈఎంఐ మీది.

చదువుకునేటప్పుడే వడ్డీ కట్టుకుంటూ పోతే? పై ఉదాహరణలో మొదటి ఏడాది నెలకు రెండు వేల పైన, నాలుగో ఏడాదికి ఎనిమిది వేల పైన అవుతుంది. అలా కడితే అప్పు 10 లక్షల దగ్గరే ఆగుతుంది, ఈఎంఐ 13,200కు తగ్గుతుంది. మొత్తం మీద రెండు లక్షల వరకు మిగులుతుంది. పూర్తిగా కట్టలేకపోతే సగం కట్టండి. అలా కట్టేవాళ్లకు వడ్డీలో ఒక శాతం తగ్గింపు ఇస్తారేమో మీ బ్యాంకులో అడగండి.

ఉద్యోగం రాకపోతే?

ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే. బ్యాంకు ఫోన్ ఎత్తరు, సిమ్ మారుస్తారు. 90 రోజులు వాయిదా కట్టకపోతే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆ మచ్చ మీ సిబిల్ రికార్డులోనే కాదు, సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన నాన్న రికార్డులోనూ పడుతుంది. రేపు ఆయన ట్రాక్టరుకో, చెల్లి పెళ్లికో లోన్ కోసం వెళ్తే అక్కడ అడ్డం పడేది ఇదే. ఇంకో దెబ్బ మీకే తగులుతుంది. స్టేట్ బ్యాంకు ఉద్యోగ నోటిఫికేషన్లు చివరిదాకా చదివారా? రుణం ఎగవేసిన రికార్డు ఉంటే నియామకానికి అర్హత ఉండదని అందులో రాసి ఉంటుంది. అప్పు తీర్చడానికి ఉద్యోగం కావాలి. అప్పు తీర్చలేదని ఉద్యోగం పోతుంది. ఈ ఉచ్చులో పడొద్దు.

వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లండి. నిరుద్యోగంలో ఉన్న కాలానికి మళ్లీ మారటోరియం ఇచ్చే వీలు బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకంలో ఉంది. నోటితో కాకుండా లిఖితపూర్వకంగా అడగండి, అందినట్టు రశీదు తీసుకోండి. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. బెదిరిస్తే ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. ఉద్యోగం వచ్చాక డబ్బు మిగిలితే ముందే కట్టేయండి. మారే వడ్డీ ఉన్న వ్యక్తిగత విద్యారుణాన్ని ముందుగా తీర్చినందుకు జరిమానా వేయకూడదు.

అప్పు చేసి చదవడం తప్పు కాదు, సిగ్గుపడాల్సిన పనీ కాదు. సరైన కోర్సుకు, సరైన మొత్తంలో తీసుకున్న లోన్ రెండు తరాలను నిలబెడుతుంది. రేపు మాఫీ వస్తే సంతోషం, తీసుకుందాం. కానీ అది వస్తుందని లెక్కలో కలుపుకుని మాత్రం సీటు ఎంచుకోకండి. ఆ లోన్ కాగితాల మీద మీ సంతకం పక్కనే నాన్న సంతకం కూడా ఉంటుంది. ఆయన మిమ్మల్ని నమ్మి, చదవకుండానే పెట్టేస్తారు. అందుకే మీరు రెండుసార్లు చదవండి. ఒకసారి మీ కోసం, ఒకసారి ఆయన కోసం.