మరపు మందు మనకొద్దు

మా నాయనమ్మకి పొద్దున ఏ కూర తిన్నదీ గుర్తుండదు. 1977 నవంబరు 19 రాత్రి మాత్రం గంట గంటా గుర్తే. దివిసీమ ఉప్పెనలో తాటిమొద్దు పట్టుకుని బతికిన మనిషి. "ఒరే అబ్బాయ్, కళ్ళు మూస్తే ఇప్పటికీ నీళ్ళ హోరేరా" అంటుంది.

ఎందుకిలా? 1963లో అమెరికాలో ఫ్లెక్స్‌నర్ బృందం ఎలుకల మెదడులోకి ప్యూరోమైసిన్ ఎక్కిస్తే అవి నేర్చిన దారి మరిచిపోయాయి. ఆ మందు ప్రోటీన్ల తయారీని ఆపుతుంది. అంటే జ్ఞాపకం నిలవాలంటే కొత్త ప్రోటీన్లు కావాలన్నమాట! తర్వాత ఎరిక్ కాండెల్ సముద్రపు నత్తపై ప్రయోగాలు చేశాడు. దాని తోకకి ఒకసారి షాకిస్తే కొద్ది నిమిషాలే గుర్తు. పదే పదే ఇస్తే రోజుల తరబడి గుర్తు. ఈ పనికి ఆయనకి 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. అందులో కీలకమైన సైక్లిక్ ఏ.ఎం.పి. అనే రసాయనం ఏ.టి.పి. నుంచే పుడుతుంది. 1929లో ఆ ఏ.టి.పి.ని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. మనలో ఎందరికి గుర్తు?

ఇక భయం సంగతి. భయపడ్డప్పుడు ఊరే అడ్రినలిన్ జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందని మెక్‌గా పరిశోధనలు తెలిపాయి. 1994లో ఆయన బృందం కొందరికి ప్రొప్రనొలాల్ ఇచ్చి ఒక కథ చెబితే, అందులో మనసుని కదిలించే ఘట్టాలు వాళ్ళకి అంతగా గుర్తులేవు. అది రక్తపోటుకి వాడే మందే!

అలాగైతే ఒకనాటికి చేదు జ్ఞాపకాన్ని మందుతో చెరిపేయొచ్చా? నాయనమ్మ బాధ తగ్గించే మందు వస్తే నేనే తెచ్చిస్తాను. జ్ఞాపకాన్నే తీసేసే మందు మాత్రం వద్దంటాను. 1977లో పదివేలకి పైగా ప్రాణాలు పోయాయి. 1990 మే నెలలో మళ్ళీ పెద్ద తుపాను మన తీరాన్నే తాకినా మృతులు వెయ్యి లోపే. ముందస్తు హెచ్చరికలూ, లక్షమందికి పైగా జనాన్ని తరలించడమూ కాపాడాయి. "ఆసారి చెప్పీ చెప్పకముందే పిల్లల్నెత్తుకుని బయల్దేరాం" అంటుంది నాయనమ్మ. హెచ్చరిక ఆఫీసుదే కావచ్చు. కాళ్ళని కదిలించింది జ్ఞాపకం.

మిత్రులారా! ఆ రాత్రి అడ్రినలిన్ మన ఒంట్లో లేదు. మనకి మిగిలింది నత్త దారే, పదే పదే వినడం. కాబట్టి ఏటా నవంబరు 19న మన కాలేజీలో ఒక్క గంట పాఠాలాపి, దివిసీమ పెద్దల్ని పిలిచి చెప్పించుకుందాం. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ జ్ఞాపకాన్ని ఏ రసాయనమూ తిరిగి తేలేదు.