నూనెడబ్బా గుర్తు వెలిగినప్పుడు

రాయపూర్ నుంచి జగదల్‌పూర్‌కు సుమారు 300 కిలోమీటర్ల దారి. ధమ్‌తరి, కాంకేర్ దాటిన తరువాత కేశకాల్ ఘాట్ ఎదురవుతుంది. ఆ మలుపులలో కారు ఒరిగినప్పుడల్లా, స్టీరింగు వెనుకనున్న నూనెడబ్బా బొమ్మగల ఎర్రదీపం ఒక్క క్షణం మిణుక్కుమని ఆరిపోతున్నదనుకుందాం. చదునైన దారికి రాగానే అది మళ్లీ కనిపించదు. కనిపించలేదు గనుక జబ్బు కుదిరిందని తలచి ప్రయాణం సాగించేవారే ఎక్కువ. నిజానికి దీపం అబద్ధమాడి ఉండదు. ఇంజన్ అడుగున ఉన్న సంపులో ఆయిల్ తగ్గిపోతే, మలుపు తిరిగేటప్పుడు మిగిలినదంతా ఒక పక్కకు చేరుతుంది. ఆ క్షణంలో పంపు పీల్చుకునేది ఆయిల్‌ను కాదు, గాలిని.

అయితే ఆ దీపం కొలిచేది ఆయిల్ మట్టాన్ని కాదు, ఒత్తిడిని. ఇంజన్‌కు బిగించిన బొటనవేలంత స్విచ్చిలో ఒక పలుచని పొర, దాని వెనుక ఒక స్ప్రింగు ఉంటాయి. తాళం తిప్పగానే, ఒత్తిడి ఇంకా పుట్టలేదు గనుక, స్విచ్చి ద్వారా విద్యుత్తు ఇంజన్ లోహంలోకి ప్రవహించి దీపం వెలుగుతుంది. ఇంజన్ కదలగానే ఆయిల్ ఆ పొరను నెడుతుంది, లోపలి కొనలు విడిపోతాయి, దీపం ఆరుతుంది. చాలా కార్లలో ఇందుకు చదరపు అంగుళానికి 5 నుంచి 7 పౌన్ల ఒత్తిడి చాలు. కారు టైరులో నింపే గాలి ఒత్తిడే 30 పౌన్ల వరకు ఉంటుంది; వేగంగా నడిచే ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి సాధారణంగా అంతకు తగ్గదు. అంటే, ఉండవలసిన దానిలో అత్యధిక భాగం పోయిన తరువాతగాని దీపం వెలగదు. సాయంత్రం తీరికగా చూసుకోవచ్చునని చెప్పే దీపం కాదది.

ఈ ఒత్తిడి ప్రాముఖ్యం లోకానికి తెలియవచ్చింది రైలు ఇరుసుల వలన. 1931లో పూర్తయిన మార్గం ద్వారా విజయనగరంతో కలిసిన రాయపూర్‌వంటి రైల్వే నగరానికి ఈ కథ పరాయిది కాదు. 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగులను పరీక్షిస్తూ, ఆయిల్ పోయడానికి పైన ఒక రంధ్రం తొలిచాడు. ఆయిల్ లోపలికి పోవడానికి బదులు ఆ రంధ్రం నుంచి పైకి ఉబికి వచ్చింది. బెరడు బిరడా బిగిస్తే దానిని, కొయ్య బిరడా బిగిస్తే దానిని కూడా నెట్టివేసింది. చివరకు 200 పౌన్ల వరకు చూపగల మీటరును అమర్చగా ముల్లు ఆ గీతను కూడా దాటింది. 1886లో ఆస్బర్న్ రెనాల్డ్స్ కారణం వివరించాడు. తిరిగే ఇరుసు తనతోపాటు ఆయిల్‌ను ఇరుకు సందులోకి లాక్కుపోయి, తానే దానిమీద తేలుతుంది. కారు క్రాంకుషాఫ్టు తేలేది కూడా ఇట్టి పొర మీదనే. అది వెంట్రుక మందం కూడా ఉండదు. అంచులనుంచి కారిపోయే ఆయిల్‌కు బదులు కొత్త ఆయిల్ అందించి, వేడిని తీసుకుపోవడం పంపు పని. ఆ సరఫరా ఆగితే లోహం లోహాన్ని ఒరుసుకోవడానికి ఎక్కువసేపు పట్టదు.

అందుచేత దారిలో దీపం వెలిగితే కారును పక్కకు తీసి ఇంజన్ ఆపడమే మొదటి పని. చదునైన చోట పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్‌ను తుడిచి ముంచి చూడాలి. మట్టం తగ్గి ఉంటే సరైన ఆయిల్ పోసి ఇంజన్ తిప్పాలి. కొద్ది సెకన్లలో దీపం ఆరకపోతే వెంటనే ఆపి, కారును లాగించుకొని పోవలసిందే. ఆరినా, తగ్గిన ఆయిల్ ఎటు పోయిందో వెదకక తప్పదు.

మట్టం సరిగా ఉండి కూడా దీపం వెలుగుతుంటే ఇంటివద్ద చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. ఇది ఒకే తీగ గల పాతపద్ధతి స్విచ్చికే వర్తిస్తుంది. రెండు మూడు తీగల సెన్సర్లున్న కొత్త కార్లలో చేయరాదు. ఇంజన్ ఆపి, తాళం మాత్రం తిప్పి ఉంచి, స్విచ్చి తీగను ఊడదీయాలి. దీపం ఆరకపోతే ఆ తీగ ఎక్కడో ఒరిసిపోయి ఇనుమును తాకుతున్నదన్నమాట. ఆ చోటు కనిపెట్టి టేపు చుడితే చాలు. దీపం ఆరితే తీగ మంచిదని తేలింది. అంతకుమించి ఏమీ తేలలేదు. పొరపాటు జరిగేది ఇక్కడే. స్విచ్చి చవక, మార్చడం సులువు. కనుక నేరం దానిదే అయితే బాగుండునని మనసు కోరుకుంటుంది.

స్విచ్చి తీసిన రంధ్రంలో ఆయిల్ ఒత్తిడి మీటరును బిగించి చూసిన తరువాతనే తీర్పు చెప్పాలి. ఇంజన్ తిప్పగానే ముల్లు లేవకపోతే ఆపివేయాలి. లేస్తే, ఇంజన్ బాగా వేడెక్కిన పిమ్మట మళ్లీ చూడాలి. నిమిషానికి ప్రతి వెయ్యి చుట్లకు 10 పౌన్లు అనేది పాత మెకానిక్కుల లెక్క. కారుతో ఇచ్చిన పుస్తకంలోని అంకెదే చివరి మాట. ఒత్తిడి సరిగా ఉంటే కొత్త స్విచ్చి బిగించవచ్చు. మరల మీద టేపు దట్టంగా చుడితే స్విచ్చికి ఇంజన్ లోహంతో సంబంధం తెగి, దీపం అసలే వెలగకపోవచ్చు. ఒత్తిడి తక్కువైతే మాత్రం లోపం పంపులోనో, జల్లెడలోనో, బేరింగులలోనో ఉంటుంది. అది ఇంటి ముంగిట తేలే పని కాదు.

మే నెలలో రాయపూర్ ఎండ 45 డిగ్రీల దరిదాపుకు చేరుతుంది. జయస్తంభ్ చౌక్ దగ్గర ఏసీ వేసుకుని ఆగినప్పుడు దీపం మిణుకుమిణుకుమని, యాక్సిలరేటరు తొక్కగానే ఆరిపోతే, వేడికి ఆయిల్ పలచబడిందనీ, బేరింగులు అరిగాయేమోననీ అనుమానించాలి. మరింత చిక్కటి ఆయిల్ పోయమనే సలహా ఎక్కడైనా దొరుకుతుంది. దానివలన దీపం ఆరవచ్చునుగాని అరిగిన బేరింగు బాగుపడదు. డిప్‌స్టిక్‌ను ఒకసారి వాసన చూడడం మేలు. పెట్రోలు కలిసినా ఆయిల్ పలచబడుతుంది.

ఈ ఏర్పాటులో ఒక పెద్ద లోపముంది. తీగ తెగినా, ఎవరైనా ఊడదీసినా దీపం వెలగదు. అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవారు రంగు, సీట్లు చూడకముందే తాళం సగం తిప్పి, ఇంజన్ కదలకుండా, ఎర్రటి నూనెడబ్బా వెలుగుతున్నదో లేదో చూడాలి. వెలగకపోతే, ఆ తీగ సంగతి తేలేవరకు ఇంజన్‌ను తిప్పనివ్వకూడదు.