‘రన్’ అంటే పరుగొక్కటేనా?

ఉద్యోగంలో చేరిన మూడో నెల. అమెరికాలో ఉండే మా క్లయింట్ లీడ్ ఓ రాత్రి చాట్‌లో ఒక్క లైను పెట్టాడు: ‘కెన్ యూ రన్ ఇట్ బై మీ టుడే?’ స్క్రిప్టు నేను రాసిందే. టెస్టింగ్ సగమే అయింది. అయినా ఆయనే ఈరోజు రన్ చెయ్యమంటున్నాడు కదా అని లైవ్ సర్వర్ మీద ఎంటర్ కొట్టేశా. కస్టమర్లకి ఒకే మెసేజ్ రెండేసిసార్లు వెళ్లింది. (కొత్తోడికి లైవ్ యాక్సెస్ ఎవరిచ్చారని అడక్కండి, అది వేరే కథ.)

‘రన్ ఇట్ బై మీ’ అంటే ‘చేసేముందు ఒకసారి నాకు చూపించు’ అని. నాకు తెలిసిన రన్ రెండే. గ్రౌండ్‌లో పరుగు, కంప్యూటర్‌లో ప్రోగ్రామ్. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్లేమో ఈ క్రియకి 645 అర్థాలు లెక్కేశారు! 1989 ఎడిషన్‌లో అన్నిటికన్నా పెద్ద ఎంట్రీ ‘సెట్’ది. తర్వాత దాన్నీ దాటేసింది మన రన్.

తమాషా ఏంటంటే, ఇంగ్లీషువాళ్లు పరుగెత్తించే చోట మనం చాలాసార్లు తాపీగా నడిపిస్తాం. బండి నడుస్తుంది, హోటల్ నడుపుతాం. ముక్కు కారుతుంది, ఉతికితే చీర రంగు దిగుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. వాళ్లకి ఇవన్నీ రన్నే. ఎలక్షన్ల దగ్గర మాత్రం వాళ్లలో వాళ్లకే కుదరదు. అమెరికాలో అభ్యర్థి ‘రన్’ అవుతాడు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతాడు. మనవాళ్లూ నిలబడేవాళ్లే.

అసలు తిప్పలు వెనకాల తగిలించే చిన్న మాటతోనే. ఇంట్లో పాలు అయిపోతే ‘మిల్క్ ఈజ్ ఓవర్’ అనేస్తాం, వాళ్లు ‘వుయ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్’ అంటారు. క్రికెట్ రనౌట్‌కీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ‘రన్ త్రూ’ అంటే మొదట్నుంచి చివరిదాకా గబగబా ఓసారి చూడటం. మీటింగుల్లో రోజూ వింటాం. ‘రన్ ఇంటు’ ఇంకా డేంజర్. ‘ఐ ర్యాన్ ఇంటు మై మేనేజర్ ఎట్ ద మాల్’ అంటే అనుకోకుండా ఎదురుపడ్డాడని. అదే పార్కింగ్‌లో, మీరు బైక్ మీద ఉన్నారనుకోండి, గుద్దేశారేమో అనుకుంటారు!

అందుకే నేనిప్పుడు రన్ కనపడగానే ముందు దాని తోక చూస్తా. ఆ రోజు ‘బై మీ’ అనే తోక చూసుంటే రాత్రి రెండింటిదాకా కూర్చుని క్షమాపణ మెయిళ్లు పంపే పని తప్పేది. లీడ్ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఇప్పటికీ టీమ్‌లో అందరికీ ‘రన్ ఇట్ బై మీ’ అని రాస్తాడు, నాకు మాత్రం ‘షో మీ ఫస్ట్’ అని.