పశువులను కట్టించుకుంటే లెక్క ఎవరు కట్టాలి?

లేపాక్షికి వంద కిలోమీటర్ల పైన ఉన్న బెంగళూరులో గుర్రాలున్న ఆసాములు చాలామంది వాటిని ఇంటికాడ సాకరు. కొట్టం నడిపేవాళ్ల దగ్గర కట్టేసి నెలనెలా డబ్బు కడతారు. మేత, నీళ్లు, కాపలా అన్నీ లెక్కే. కరువొస్తే మనమూ అదే పని చేస్తాం. కాకపోతే మొహమాటానికి చేస్తాం.

వానలు ఎగ్గొట్టిన ఒక ఏడాది నా బోరులో కాసిన్ని నీళ్లున్నాయని తెలిసి, చుట్టుపక్కల వాళ్లు ఇరవై పశువులను నా కొట్టంలో కట్టేసి పోయారు. "గడ్డి మేమే తోలుతాంలే అన్నా" అన్నారు. పదిహేను రోజులు తోలారు కూడా. తర్వాత వాళ్ల దగ్గరా లేదు. నా చెనిక్కాయ కట్టె వామి కరిగిపోయింది. పెద్ద తగువు మాత్రం పేడ దగ్గర వచ్చింది. పశువు నీది, మేత నాది, మరి దిబ్బ ఎవరిది? ఒక ఆవు నా కొట్టంలోనే ఈనింది. జున్ను కూడా పంచాయితీకొచ్చింది!

లెక్క చూడండి. పాలిచ్చే ఆవుకు రోజుకు ఎండుగడ్డి 5 కిలోలు, పచ్చిమేత 15 కిలోలు, దాణా ఒక కిలో వేసుకుందాం. ఎండుగడ్డి కిలో 8 రూపాయలు, పచ్చిమేత 3, దాణా 30 అనుకుంటే 115 రూపాయలు. ట్యాంకరు నీళ్లకు 8. ఇరవై పశువులకు ఒక మనిషి, కూలి 500 అంటే తలకు 25. మొత్తం 148. ఇరవైకి నెలకు 88 వేల పైమాటే. మన నంది ఒక్కడే మేత అడగకుండా కూర్చున్నాడు.

ఉపాధి హామీ కింద గోకులం షెడ్లు ఇస్తున్నారు, మంచిదే. కానీ పశువు రేకులు తినదు. 2019 కరువులో మహారాష్ట్రలో పశువుల శిబిరాలకు పెద్ద పశువుకు రోజుకు ఇంత, చిన్నదానికి ఇంత అని డబ్బు ఇచ్చారు. నా లెక్కకు అదీ చాలదు. అయినా తలకింత అని ఒక రేటు కట్టారు కదా. గుజరాత్‌లో ఆకోదర ఊరి పశువులకు హాస్టలే కట్టారు. మన దగ్గర కరువు మండలమని ప్రకటించి, గడ్డి వచ్చేసరికి సగం పశువులు సంతకు పోయి ఉంటాయి.

పది ఇళ్ల పశువులు ఒకచోట చేరితే గాలికుంటు కూడా చేరుతుంది. టీకా వేయని పశువును కట్టించుకోవద్దు. కొత్తగా వచ్చినదాన్ని రెండు మూడు వారాలు వేరే తొట్టికి పెట్టాలి. చెవిపోగు లేకుంటే బీమా రాదు, చచ్చిపోతే నింద కొట్టం వాడిమీదే.

ఈసారి మండల సమావేశంలో నేను రెండు అడగబోతున్నా. కరువు ప్రకటించిన రోజు నుంచే పశువు తలకు మేత రేటు కట్టి, ఏటా ధరలనుబట్టి పెంచాలి. రెండోది మనవాళ్లకే: పశువును ఇంకొకరి కొట్టంలో కట్టేముందు మేత, మందు, దూడ, పేడ ఎవరివో కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. అన్నదమ్ములైనా సరే.